తెర వెనక కాగితాలు – 4వ పాఠం: ఎవరి కుడి?

పోయిన పాఠం చదివి మీరు రాసిన ప్రాపర్టీస్ (నాటకంలో వాడే వస్తువుల) జాబితాలు చూశాను. సగానికి పైగా వాటిలో ‘లాంతరు – కుడి వింగ్’ అని ఉంది. వింగ్ అంటే వేదిక పక్కన ప్రేక్షకులకు కనపడని చోటు, సరే. ఎవరి కుడి?

తప్పులో నాకూ వాటా ఉంది. తికమకైతే ‘గ్రీన్‌రూం వైపు’, అంటే నటులు వేషం వేసుకునే గది ఉన్న వైపు, అని రాసుకోమన్నది నేనే. రిహార్సల్ గదిలో అది బాగానే నడుస్తుంది. కానీ ఒక బృందం అదే కాగితం పట్టుకుని విజయవాడ నుంచి గుంటూరు వెళ్ళింది. అక్కడి హాల్లో గ్రీన్‌రూం అవతలి పక్క. ఉత్తరాల సంచీ ఒక వింగ్‌లో, పోస్టుమ్యాన్ ఇంకో వింగ్‌లో! ఆఖరికి ఉత్తరం లేకుండానే ‘పోస్ట్’ అని అరిచాడు పాపం. కాబట్టి ఆ సలహా కొట్టేయండి.

ప్రేక్షకుల వైపు తిరిగి నిలబడిన నటుడి కుడిచెయ్యి ఎటుంటే అదే కుడి. నటుడు వెనక్కి తిరిగినా అది మారదు. హాల్లో కుర్చీలో కూర్చున్న దర్శకుడికి అది ఎడమ పక్క. ఆయన “కుడి నుంచి రావయ్యా” అంటే ఏ కుడో అడగండి, విసుక్కున్నా సరే. రాసేది మాత్రం నటుడి లెక్కలోనే. హాలు చివర కూర్చునే లైట్ల మనిషికి ఇచ్చే కాగితంలోనూ అదే లెక్క. అతనికి తిప్పి రాసిస్తే సుఖమనుకుంటారు. నాటకం మధ్యలో అతని కాగితం మీ చేతికొస్తే తెలుస్తుంది ఆ సుఖం. ఒకరైతే ‘తూర్పు వింగ్’ అని రాశారు. మనం వాస్తు చూడటం లేదు.

నేనైతే ‘కు’, ‘ఎ’ అని రాసి సున్నా చుడతాను. ఏ హాలుకెళ్ళినా సామాను దించకముందే ఆ రెండక్షరాలూ పెద్దగా రాసి వింగ్‌లకు అంటిస్తాను.

ఇంకొకటి, నీలం పెన్ను వద్దు. వింగ్‌లో టార్చికి నీలం కాగితం చుడతాం కదా, ఆ వెలుతురులో నీలం సిరా కనపడదు. ముదురు పెన్సిల్ మేలు, చెరుపుకోవచ్చు కూడా.

 ఈ కాగితాలన్నీ పెట్టే ఫైలుకు స్పైరల్ బైండింగ్ మాత్రం చేయించకండి, మారిన పేజీ ఒక్కటే తీసి వేరేది పెట్టడం కుదరదు. ప్రతి పేజీ మూల తేదీ వేయండి. కొత్తది రాగానే పాతది చింపేయండి, దాచుకోకండి.

అభ్యాసం: మీ నాటికలో ప్రతి వస్తువుకీ మూడు గడులు రాయండి. మొదట ఎక్కడుంటుంది, ఎవరు తీసుకెళ్తారు, రంగం అయ్యాక ఎక్కడ మిగులుతుంది. మూడో గడి అందరూ వదిలేస్తారు, రెండో రంగంలో వస్తువుల కోసం వెతుక్కునేది అందుకే. తర్వాత నాటకం చదవని మనిషి చేతికి ఆ కాగితం ఇచ్చి, గదిలో లైట్లు తీసేసి, టార్చి వెలుతురులో పది నిమిషాల్లో అన్నీ సర్దమనండి. మీరు నోరు విప్పకూడదు. అతను దేని గురించి అడిగితే ఆ వస్తువు వరుస మళ్ళీ రాయండి.