ఆటిజం ఉన్న పెద్దపిల్లలకు పని నేర్పడం: పెడన అద్దకం షెడ్డు నుంచి

రెండేళ్ళ పిల్లవాడికి మాటలు రాకపోతే ఎక్కడికి తీసుకెళ్ళాలో ఇప్పుడు చాలామందికి తెలుసు. స్పీచ్ థెరపీ, ఓటీ (రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ), స్పెషల్ స్కూలు, విజయవాడలోనో హైదరాబాదులోనో ఏదో ఒకటి దొరుకుతుంది. అదే పిల్లవాడికి పదహారు వచ్చాక సంగతి వేరు. చాలా థెరపీ సెంటర్లలో చిన్నపిల్లలే ఉంటారు. బడి ఎక్కడో మధ్యలో ఆగిపోయి ఉంటుంది. ఇక మిగిలేది ఇల్లు, టీవీ, ఫోను. "వీడింతేనమ్మా" అని చుట్టాలు తేల్చేస్తారు. నేను రాస్తున్నది ఆ వయసు పిల్లల గురించి, పద్నాలుగు నుంచి పాతిక దాకా.

నేను కృష్ణా జిల్లా పెడనలో, చెక్క అచ్చులతో గుడ్డ మీద రంగు బొమ్మలు వేసే అద్దకం పని చేసే ఇంట్లో పుట్టాను. చాలాకాలం డ్రాయింగు టీచరుగా పనిచేశాను. ఇప్పుడు ఆదివారాలు మా షెడ్డులో ఆటిజం ఉన్న పిల్లలు కొందరు గుడ్డ మీద అచ్చులు వేయడం నేర్చుకుంటున్నారు. మీ ఊళ్ళో అద్దకం ఉండకపోవచ్చు. కుమ్మరి సారె, మగ్గం, కొండపల్లిలో బొమ్మల పని, బేకరీ, పుస్తకాల బైండింగు, మొక్కల నర్సరీ, ఏదైనా సరే. థెరపీ మానేయమని నేను చెప్పను. కానీ ఈ వయసులో వీళ్ళకి ఇంకో థెరపిస్టు కంటే, పని తెలిసిన ఒక మనిషి పక్కన చోటు దొరకడం ముఖ్యమని గట్టిగా నమ్ముతాను.

ముందు చూడండి

ఒక వారం ఏమీ నేర్పకండి. ఎవరూ ఏమీ చెప్పనప్పుడు ఆ పిల్లవాడి చేతులు ఏం చేస్తున్నాయో నోటుపుస్తకంలో రాసుకోండి. సీసా మూతలు వరస పెడతాడా? కాగితాలు సన్నగా చింపుతాడా? బస్సు నంబర్లు వల్లిస్తాడా? తడి తగలగానే చెయ్యి తుడుచుకుంటాడా? డాక్టరు ఫైల్లో వాడికి రానివన్నీ ఉంటాయి. ఈ నోటుపుస్తకంలో వచ్చినవే రాయండి.

మా దగ్గరికి వచ్చే ఒక అబ్బాయి మూతల మధ్య దూరం వేలితో కొలిచి మరీ పేరుస్తాడు. వాడికి బోర్డరు పని ఇచ్చాం. బోర్డరులో ఒక అచ్చుకీ ఇంకో అచ్చుకీ మధ్య సందు రాకూడదు, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. కొత్తగా చేరిన పనివాళ్ళు తడబడేది అక్కడే. ఇంకో అమ్మాయికి రంగు చేతికంటితే అస్సలు పడదు. ఆ అమ్మాయి ఆరిన గుడ్డలు కొలిచి, మడత పెట్టి, రిజిస్టరులో రాస్తుంది. అది కూడా అద్దకం పనే. అందరూ అచ్చు పట్టుకోవాలని లేదు.

ఒక్క మాట. పిల్లవాడికి ఇష్టమైనదాన్ని లంచంగా వాడకండి. "ఇది పూర్తి చేస్తే రైలు వీడియో పెడతా" అంటే పని శిక్షలా, రైలు బహుమతిలా అయిపోతుంది. అంతకంటే రైలునే పనిలోకి తీసుకురండి. రైలు పెట్టెల బొమ్మ గీయించి, దాన్ని చిన్న టేకు అచ్చుగా చెక్కించి చూడండి. వాడు బల్ల దగ్గర ఎంతసేపు నిలబడతాడో మీకే తెలుస్తుంది.

గది సర్దుకోవాలి, పిల్లవాడు కాదు

అద్దకం షెడ్డులో మోత ఎక్కువ. అచ్చు పెట్టిన ప్రతిసారీ దాని మీద పిడికిలితో గుద్దుతారు. ఆరుగురు ఒకేసారి గుద్దుతుంటే మనకు అలవాటైపోయి వినిపించదు కానీ, ఆటిజం ఉన్న చాలామందికి ఆ శబ్దం నేరుగా తలలో పడుతుంది. అందుకే మిగతావాళ్ళకి సెలవున్న పూట పెట్టుకున్నాం. చెవులకు పెట్టుకునే మఫ్‌లు గుమ్మం పక్కన కొక్కేనికి వేలాడుతుంటాయి. కావాలన్నవాళ్ళు అడక్కుండా తీసుకోవచ్చు.

వాసన సంగతి ఇంకా పెద్దది. నలుపు కోసం పాత ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి రోజుల తరబడి నానబెడతాం. ఆ కుండ మూత తీస్తే మామూలు వాళ్ళే ముక్కు మూసుకుంటారు. దాన్ని పెరట్లోకి మార్చాం. పనికి కావలసినంత రంగు మాత్రమే చిన్న గిన్నెలో లోపలికి వస్తుంది. మిణుకుమిణుకుమనే ట్యూబులైటు ఉంటే మార్చేయండి. ఒక మూల చాప, దిండు వేసి ఉంచండి. అక్కడికి వెళ్ళడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, వెళ్ళినవాళ్ళని ఎవరూ పిలవకూడదు.

ఆ రోజు ఏం జరుగుతుందో గోడ మీద బొమ్మలతో వరసగా అంటించండి: చెప్పులు విప్పడం, ఏప్రాన్ కట్టుకోవడం, పని, టీ, పని, చేతులు కడుక్కోవడం, ఇంటికి. అయిన బొమ్మ తీసి డబ్బాలో వేయాలి. కరెంటు పోతే ఏం చేస్తామో దానికీ ఒక బొమ్మ పెట్టండి. మన ఊళ్ళలో అది తప్పదు కదా. ఫ్యాను ఆగిపోవడం కంటే, ఇప్పుడేం జరుగుతుందో తెలియకపోవడమే వాళ్ళని ఎక్కువ టెన్షన్ పెడుతుంది.

చివరి మెట్టు నుంచి నేర్పండి

అద్దకాన్ని విడగొడితే ఇలా ఉంటుంది: అచ్చును రంగులో అద్దడం, మూల గుర్తు చూసుకుని గుడ్డ మీద ఆనించడం, గుద్దడం, తిన్నగా పైకి ఎత్తడం. మామూలుగా మొదటి దాని నుంచి నేర్పుతాం. వీళ్ళకి చివరి నుంచి నేర్పి చూడండి. మొదట్లో మిగతావన్నీ మీరు చేసి, ఎత్తడం మాత్రం వాడికి వదిలేయండి. అచ్చు ఎత్తగానే కింద పువ్వు కనిపిస్తుంది. పని పూర్తయిన సంతోషం మొదటి రోజే వాడిదవుతుంది. ఎత్తడం బాగా వచ్చాక గుద్దడం, ఆ తర్వాత ఆనించడం, అలా వెనక్కి రండి. స్పెషల్ ఎడ్యుకేటర్లు బట్టలు తొడుక్కోవడం, పళ్ళు తోముకోవడం లాంటివి కూడా ఈ పద్ధతిలో నేర్పుతుంటారు.

చెయ్యి పట్టుకుని చేయించకండి. అడిగి, ఒప్పుకుంటే మీ చెయ్యి వాడి చెయ్యి కింద పెట్టండి. అప్పుడు తీసేసుకోవడం వాడి చేతిలో ఉంటుంది. మాటలు తగ్గించండి. "ఇదిగో నాన్నా, ఇటు చూడు, ఇలా పట్టుకుని మెల్లిగా పెట్టాలి, సరేనా" అనే బదులు "గుర్తు మీద పెట్టు" అంటే చాలు. చెప్పాక మనసులో పది లెక్కపెట్టుకోండి. ఆలోపు మళ్ళీ చెప్పారంటే మొదటి మాట ఇంకా లోపలికి వెళ్తుండగానే రెండోది అడ్డం పడుతుంది. "టీ తాగుతావా?" అని మీరంటే "టీ తాగుతావా" అని తిరిగి అన్నాడనుకోండి, వెక్కిరిస్తున్నాడని అనుకోవద్దు. చాలాసార్లు అది అవుననే జవాబు. కళ్ళలోకి చూడమని బలవంతం వద్దు. గుడ్డను చూస్తున్నాడు, అది చాలు.

మాట రానివాళ్ళకి పని ఆపించే దారి ముందు ఇవ్వండి. "చాలు", "నీళ్ళు", "బయటికి", "నొప్పి" అనే నాలుగు బొమ్మ కార్డులు తాడుకి గుచ్చి ఏప్రానుకి కట్టండి. ఫోను వాడేవాళ్ళకి, బొమ్మ నొక్కితే మాట పలికే యాప్‌లున్నాయి: ఐఐటీ బొంబాయి వాళ్ళు తయారుచేసిన జెల్లో యాప్ ఉంది, చెన్నైలో పుట్టిన ఆవాజ్ ఉంది. "చాలు" కార్డు చూపిస్తే ఆ క్షణమే ఆపండి. "ఈ ఒక్కటీ వేసేయ్" అన్నారో, ఆ కార్డు మీద నమ్మకం పోతుంది.

మా పనిలో ఇంకో చిక్కుంది. కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద ఇనుప నీళ్ళు పడితే నలుపు తేలుతుంది. ఎరుపు రావలసిన చోట మాత్రం పటిక అద్దుతాం. అసలు ఎరుపు అప్పుడు కనబడదు, తర్వాత రంగులో ఉడకబెట్టినప్పుడే తేలుతుంది. "ఎరుపు" అని చెప్పి ఎరుపు చూపించకపోతే కొందరికి చాలా ఇబ్బంది. అందుకని ఒకే గుడ్డ పేలికలు మూడు బల్ల అంచుకి పిన్ను చేశాను: పటిక అద్దినది, ఉడికించినది, ఉతికి ఆరేసినది. ఒక అబ్బాయి అచ్చు వేసిన ప్రతిసారీ వేలితో మూడో పేలిక తాకి, మళ్ళీ పనిలోకి వస్తాడు. మీ పనిలోనూ ఫలితం ఆలస్యంగా కనిపించేది ఏదైనా ఉంటే, పొంగాల్సిన పిండికీ కాలాల్సిన కుండకీ, ఇలాంటి నమూనా ముందే పెట్టండి.

ఎప్పుడో ఒకప్పుడు అరుపులు, ఏడుపు, తల కొట్టుకోవడం జరుగుతాయి. అది మొండితనం కాదు, భరించలేని స్థితి. మాట్లాడటం ఆపండి, చుట్టూ ఉన్నవాళ్ళని పంపేయండి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టండి, బరువైన అచ్చులు దూరంగా జరపండి, ఆగండి. తేరుకున్నాక "ఎందుకలా చేశావ్" అని నిలదీయొద్దు. దానికి ముందు పావుగంటలో ఏం జరిగిందో మీరు రాసుకోండి.

గురువు ఎవరు?

టెంపుల్ గ్రాండిన్ పేరు వినే ఉంటారు. 1947లో అమెరికాలో పుట్టారు, ఆటిజం ఉన్న మనిషి, పశువుల శాలల రూపకల్పనలో ప్రపంచమంతా గుర్తించిన నిపుణురాలు. చిన్నతనంలో ఆరిజోనాలో అత్త వాళ్ళ పశువుల క్షేత్రంలో, పశువుల్ని కదలకుండా రెండు వైపులా నొక్కి పట్టే చట్రం చూసి, అలాంటిదే తన కోసం కట్టుకున్నారు. దానితో ఆమెకు ఆందోళన తగ్గేది. పెద్దవాళ్ళలో చాలామందికి అది పిచ్చిగా తోచింది. కార్లాక్ అనే సైన్సు మాస్టారు మాత్రం, అది ఎందుకు పనిచేస్తుందో కనుక్కో, దానికి సైన్సు చదవాలి అని దారి చూపించారు. గురువు నుంచి నేను కోరేది సరిగ్గా ఇదే. పిల్లవాడి ధ్యాసని తుంచేయకుండా దాని మీదే చదువో పనో కట్టాలి.

అమ్మానాన్నలు గురువుగా ఉండకపోతేనే మంచిది. వాళ్ళ భయం పిల్లవాడికి అంటుతుంది. పని బాగా తెలిసి, నెమ్మది ఉన్న మనిషిని వెతకండి. ఆటిజం ఉండి పనిలో స్థిరపడిన పెద్దవాళ్ళు దొరికితే అంతకంటే ఏం కావాలి! గురువు ఆ పూట కూలి వదులుకుని వస్తాడు కాబట్టి డబ్బు ఇవ్వండి. సేవ పేరుతో ఉచితంగా అడిగితే రెండు నెలల్లో రావడం మానేస్తాడు, ఆ దెబ్బ పిల్లవాడికి తగులుతుంది.

గురువుకి తల్లి ఒక కాగితం రాసివ్వాలి: ఏం ఇష్టం, ఏం భయం, అవునని ఎలా చెబుతాడు, వద్దని ఎలా చెబుతాడు, ఫిట్స్ ఉన్నాయా, మందులేమిటి. గురువు పాటించాల్సినవి కూడా ఉన్నాయి. పిల్లవాడితోనే మాట్లాడాలి, పక్కన తల్లిని "టీ తాగుతాడా అండీ" అని అడగొద్దు. ఇరవై ఏళ్ళ మనిషితో "బుజ్జిగా" అంటూ ముద్దుమాటలు వద్దు. అచ్చు వంకరపోతే వంకరపోయిందని చెప్పాలి, ఊరికే చప్పట్లు కొట్టకూడదు. తప్పుల్లేవని అబద్ధం చెబితే వాడికి పని రాదు.

భద్రత గురించి మొహమాటం వద్దు. తలుపులు తెరిచే ఉండాలి, ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి. ఎవరు ఎక్కడ తాకకూడదో, వద్దని ఎలా చెప్పాలో అచ్చు పట్టుకోవడం కంటే ముందు నేర్పాలి. ఆడపిల్లలకి శుభ్రమైన బాత్రూము, నెలసరి రోజుల్లో తోడుగా ఒక ఆడమనిషి ఉండి తీరాలి.

నలుగురిలోకి

ఏప్రిల్ 2న ఆటిజం దినమని నీలం చొక్కాలు వేయించి స్టేజీ ఎక్కించడం నాకు నచ్చదు. టీ కొట్టు బాబాయికి వాడి పేరు తెలియడం, ఆటో అన్నకి వాడు ముందు సీట్లో కూర్చోడని తెలియడం, అవి నిలబడతాయి. టీ తెచ్చే పని వంతులవారీగా పిల్లలకే ఇవ్వండి. అక్కచెల్లెళ్ళని, అన్నదమ్ముల్ని కూడా పనికి పిలవండి, కానీ వాళ్ళని కాపలాకి పెట్టకండి.

అమ్మకానికి పెడితే మామూలు సరుకులాగే పెట్టండి. జాలి ధర వద్దు, జాలి ఫొటో అసలే వద్దు. మచ్చ పడిన గుడ్డను పక్కన పెట్టండి. వచ్చిన డబ్బులో పిల్లవాడి వాటా వాడి పేరున్న ఖాతాలోనే వేయండి, అందులోంచి ఏం కొనుక్కుంటాడో వాడినే అడగండి.

కాగితాలు

2016 వికలాంగుల హక్కుల చట్టంలో గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. సదరం సర్టిఫికెట్టు (వైకల్యం ఉందని ఇచ్చే ధ్రువపత్రం), యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) లేకుంటే ముందు అవి చేయించండి. ఆటిజం లాంటి వైకల్యాలున్నవాళ్ళ కోసం పనిచేసే కేంద్ర సంస్థ నేషనల్ ట్రస్టు ఇచ్చే నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా ఉంటుంది. పద్ధెనిమిది నిండాక గార్డియన్‌షిప్ (చట్టప్రకారం సంరక్షకుడిగా ఉండటం) అవసరమైతే కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేయాలి. సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థలో పిల్లల్ని పరీక్షించి చూడటం, శిక్షణ రెండూ ఉన్నాయి. బడి ఆగిపోయినవాళ్ళకి ఓపెన్ స్కూలు దారి తెరిచే ఉంది, పని నేర్చుకుంటూనే పరీక్షలు రాసుకోవచ్చు.

మొదలుపెట్టడానికి సెంటరు అక్కర్లేదు. రెండు మూడు కుటుంబాలు, ఒక పనిమనిషి కాదు, పని తెలిసిన మనిషి, వారానికి గంటన్నర, ఎప్పుడూ అదే రోజు, అదే వేళ. మొదటి రోజు పిల్లవాడు గుమ్మం దగ్గరే నిలబడి చూసి వెళ్ళిపోయినా హాజరు వేయండి. వచ్చే వారం కూడా ఆ టైముకే తలుపు తీసి ఉంచండి.