ఎప్పుడో ఒకసారి రాసే బ్లాగుల్ని మిస్సవకుండా చదవాలంటే ఫీడ్ రీడర్ పెట్టుకోండి

మీకు బాగా నచ్చిన బ్లాగు ఒకటుంది, ఆ రాసే మనిషి ఏడాదికి నాలుగో ఐదో టపాలు రాస్తాడు. ఎప్పుడు రాస్తాడో ఆయనకే తెలీదు, ఇక మనకేం తెలుస్తుంది? రోజూ వెళ్ళి చూస్తే అదే పాత టపా కనిపిస్తుంది, విసుగొచ్చి వెళ్ళడం మానేస్తే సరిగ్గా అప్పుడే కొత్తది రాస్తాడు, మనం ఆర్నెల్ల తర్వాత చూసి అయ్యో అనుకుంటాం. పోనీ సోషల్ మీడియాలో ఫాలో అవుదామంటే అక్కడ మనకి ఏది చూపించాలో తేల్చేది మనం కాదు.

ఈ తలనొప్పికి మందు 1999 నుంచీ ఉంది, పేరు ఆర్ఎస్ఎస్, అంటే సైటులో కొత్తగా ఏం రాశారో మన దగ్గరికే తెచ్చిపెట్టే పద్ధతి. నెట్‌స్కేప్ వాళ్ళు మొదలుపెట్టారు, 2002లో 2.0 వెర్షన్ వచ్చింది, ఇప్పటికీ అదే నడుస్తోంది. ఆటమ్ అని ఇంకో రకం కూడా ఉంది. రెండింటికీ తేడా ఏంటని బుర్ర బద్దలు కొట్టుకోకండి, వీటిని మనకి చదివిపెట్టే యాప్‌లే ఫీడ్ రీడర్లు, అవి రెండు రకాలనీ చదువుతాయి. పాడ్‌కాస్టులు వింటారా? అయితే మీకు తెలీకుండానే ఆర్ఎస్ఎస్ వాడుతున్నారు, కొత్త ఎపిసోడ్ యాప్‌లోకి వచ్చేది దీని మీదే.

ఇందులో మాయేమీ లేదు. సైటు తన పేజీలతో పాటు ఒక చిన్న ఫైలు కూడా పెడుతుంది, అందులో ఈమధ్య రాసిన పోస్టుల పేర్లు, తేదీలు, లింకులు, చాలాసార్లు వ్యాసం మొత్తం ఉంటాయి. అదే ఫీడ్. మీ రీడర్ అప్పుడప్పుడూ వెళ్ళి ఆ ఫైలు తెరిచి చూసి, కొత్తది కనిపిస్తే మీకు తెచ్చి పెడుతుంది. సైటు వాళ్ళకి మీ పేరూ, మెయిలూ ఇవ్వక్కర్లేదు. వద్దనుకుంటే రీడర్‌లోంచి తీసేస్తే సరి, 'ఎందుకు వెళ్ళిపోతున్నారు' అని ఎవరూ అడగరు.

ముందు ఒక రీడర్ కావాలి. ఫీడ్లీ, ఇనోరీడర్, న్యూస్‌బ్లర్ లాంటివి వెబ్‌లో అకౌంట్ తెరిచి వాడుకునేవి, ఫోన్లో చదివింది కంప్యూటర్లో కూడా చదివినట్టే కనిపిస్తుంది కాబట్టి కొత్తవాళ్ళకి ఇవే హాయి. అకౌంట్ గొడవ వద్దనుకుంటే ఆండ్రాయిడ్‌లో ఫీడర్, ఐఫోన్‌లోనూ మ్యాక్‌లోనూ నెట్‌న్యూస్‌వైర్ ఉన్నాయి, రెండూ ఉచితమే. మెయిల్‌కి థండర్‌బర్డ్ వాడేవాళ్ళకి అందులోనే ఫీడ్లు చదివే వీలుంది. సొంత సర్వర్ ఉన్నవాళ్ళకి ఫ్రెష్ఆర్ఎస్ఎస్ ఉంది, కానీ మొదటిరోజే అటు వెళ్ళకండి, చదవడం మానేసి సర్వర్ రిపేర్లు చేసుకుంటూ కూర్చుంటారు. ఏది మంచిదా అని రెండ్రోజులు రివ్యూలు చదవడం కూడా దండగే, ఎందుకంటే తర్వాత మారడం చాలా తేలిక, అదెలాగో చివర్లో చెప్తాను.

ఇక ఫీడ్ చేర్చడం. సైటు అడ్రసు కాపీ చేసి రీడర్‌లో 'యాడ్' అన్న చోట పేస్ట్ చేయండి, చాలావరకు ఫీడ్ ఎక్కడుందో అదే వెతుక్కుంటుంది. దొరకలేదంటే కాస్త చెయ్యి పెట్టాలి. చాలా బ్లాగులు నడిచే వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో చేసిన సైటయితే అడ్రసు చివర స్లాష్ పెట్టి ఫీడ్ అని ఇంగ్లీషులో కొట్టండి, న్యూస్‌లెటర్లు రాసే సబ్‌స్టాక్‌కి కూడా అంతే. బ్లాగర్‌లో ఉన్న బ్లాగుకైతే ఫీడ్స్, పోస్ట్స్, డిఫాల్ట్ అనే మూడు మాటలు వరసగా, ఒక్కోదాని ముందు ఒక్కో స్లాష్‌తో రాయాలి. రెడిట్‌లో పేజీ అడ్రసు చివర చుక్క పెట్టి ఆర్ఎస్ఎస్ అంటే సరిపోతుంది. యూట్యూబ్ ఛానెళ్ళకి కూడా ఫీడ్లు ఉంటాయి, ఆ సంగతి చాలామందికి తెలీదు. ఛానెల్ లింకు పేస్ట్ చేస్తే చాలా రీడర్లు పట్టేసుకుంటాయి, అల్గారిదమ్ చూపించే చెత్త పక్కకి పోయి మీరు కావాలనుకున్న వీడియోలే వస్తాయి. ఫీడ్ లింకుని మామూలు బ్రౌజర్‌లో తెరిస్తే గజిబిజి కోడ్ కనబడొచ్చు, సైటు పాడైందని టెన్షన్ పడకండి, అది మనుషుల కోసం రాసింది కాదు, ఆ అడ్రసు రీడర్‌కి ఇవ్వండి చాలు.

కొత్తగా చేర్చినప్పుడు పాత టపాలన్నీ రావు. వర్డ్‌ప్రెస్ మామూలుగా చివరి 10 టపాలే ఫీడ్‌లో పెడుతుంది, అంతకు ముందువి సైటుకే వెళ్ళి చదువుకోవాలి. కొన్ని సైట్లు ఫీడ్‌లో రెండు లైన్లు మాత్రమే ఇచ్చి మిగతాది క్లిక్ చేస్తేనే చూపిస్తాయి, చిరాకే గానీ కొన్ని రీడర్లలో పూర్తి వ్యాసం లాక్కొచ్చే బటన్ ఉంటుంది, వెతకండి.

ఇంతవరకూ పది నిమిషాల పని. అసలు కష్టమంతా దీని తర్వాతే. నేను మొదట్లో ఉత్సాహం కొద్దీ కనబడ్డ ప్రతి వార్తా సైటునీ చేర్చేశాను, వారం తిరక్కుండా చదవనివి వెయ్యి దాటాయి, ఆ అంకె చూస్తేనే యాప్ తెరవాలనిపించేది కాదు, ఏ బ్లాగు కోసం ఇదంతా మొదలుపెట్టానో దాని కొత్త టపా ఆ వార్తల వరదలో ఎక్కడో అడుగున పడిపోయింది.

అప్పుడు చేసిన పని ఏంటంటే, ఫోల్డర్లు టాపిక్‌ని బట్టి కాకుండా ఎంత తరచుగా రాస్తారన్నదాన్ని బట్టి మార్చేశాను. చాలామంది టెక్నాలజీ, క్రీడలు, సాహిత్యం అని విడదీస్తారు, నా లెక్కలో అది పొరపాటు. 'అరుదు' అని ఒక ఫోల్డర్, నెలకో రెణ్ణెల్లకో ఒకటి రాసేవాళ్ళంతా అందులో. 'వారం' అని ఇంకోటి. మిగిలింది 'వరద', పేరు చూస్తేనే తెలుస్తోంది కదా. రోజూ ముందు 'అరుదు' తెరుస్తాను, అందులో సాధారణంగా ఒకటో రెండో ఉంటాయి, తీరిగ్గా చదువుతాను. 'వరద'లో హెడ్డింగులు చూసి, నచ్చినవి నాలుగు తెరిచి, మిగతావన్నీ చదివేసినట్టు మార్క్ చేసేస్తాను. దానికి ఒక బటన్ ఉంటుంది, నొక్కడానికి మొహమాటపడకండి, అవేమీ మీరు తీర్చాల్సిన బాకీలు కావు.

వార్తా సైటు మొత్తం చేర్చకుండా మీకు కావల్సిన విభాగం మాత్రమే చేర్చుకుంటే ఆ వరద కూడా తగ్గుతుంది. వర్డ్‌ప్రెస్‌తో నడిచే సైట్లలో ఒక్కో కేటగిరీకి విడిగా ఫీడ్ ఉంటుంది, ఆ కేటగిరీ పేజీ అడ్రసు చివర ఇందాకటిలాగే స్లాష్, ఫీడ్. ఏదైనా సైటువి వరసగా పదిహేను ఇరవై పోస్టులు తెరవకుండా దాటేశారంటే తీసేయండి. కానీ రెండేళ్ళుగా మూగబోయిన బ్లాగుని మాత్రం తీయకండి. అదక్కడుంటే మీకేం భారం లేదు, ఏదో ఒకరోజు ఉన్నట్టుండి ఆ పేరు పక్కన 1 అని కనిపిస్తుంది చూడండి, దాని కోసమే నేను ఇదంతా వాడుతున్నాను. అయితే పేరు పక్కన ఎర్రగా ఎర్రర్ గుర్తు వస్తుంటే మాత్రం ఒకసారి సైటుకి వెళ్ళి చూడండి, బహుశా అడ్రసు మార్చుంటారు, కొత్త ఫీడ్ చేర్చుకోవాలి.

ఆఖరుగా ఇందాక చెప్తానన్నది. 2013 జులై 1న గూగుల్ తన రీడర్ని మూసేసింది, అప్పట్లో మా అందరి ఫీడ్లూ అందులోనే ఉండేవి. రోడ్డున పడకుండా కాపాడింది ఓపీఎంఎల్ అనే ఫైలు. మీ ఫీడ్ల లిస్టంతా అందులో ఉంటుంది, సెట్టింగ్స్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కితే దిగుతుంది, ఇంకో రీడర్‌లో ఇంపోర్ట్ నొక్కితే ఫీడ్లన్నీ అక్కడికి వచ్చేస్తాయి. నేను ఆర్నెల్లకోసారి దించుకుని మెయిల్లో నాకు నేనే పంపుకుంటాను.