ఆలుగడ్డ చేనుకు పచ్చి పెంట వద్దు, మాగిన ఎరువే తోలండి

జహీరాబాద్, కోహీర్ వైపు ఆలుగడ్డ వేసే రైతులు ఉత్తరాది విత్తనం ధర ఎంత, లోడు ఎప్పుడు దిగుతుంది అని ముందు నుంచే ఆరా తీస్తుంటారు గానీ, దిబ్బలో ఎరువు మాగిందా లేదా అని చూసేవాళ్లు తక్కువ. గడ్డ ఊరేది మట్టిలోనే కదా, ఆ మట్టికి మనం ఏం పెట్టామో దాని తొక్క మీదే తెలిసిపోతుంది. గడ్డ ఎన్నాళ్లు నిల్వ ఉంటుందనేది కూడా చాలావరకు ఆ తొక్కను బట్టే.

పచ్చి పెంటకు వేరుపురుగు వచ్చి చేరుతుంది, గడ్డలకు బొక్కలు పెడుతుంది. గజ్జి తెగులు ఎక్కువై తొక్క మీద గరుకు మచ్చలు పడతాయి. చెక్కు తీస్తే లోపల బాగానే ఉంటుంది, కానీ మార్కెట్లో చెక్కు తీసి చూసి ఎవరు కొంటారు?

అక్టోబరులో నాటాలంటే జూన్ కల్లా కుప్ప వేయండి. ఒక వరుస ఎండు చెత్త, పైన పేడ, తగినంత తడి. నెలకోసారి తిరగేయాలి. మొదటి వారాల్లో ఇనుప కడ్డీ గుచ్చి కాసేపాగి బయటికి తీస్తే చేత్తో పట్టుకోలేనంత వేడిగా ఉండాలి, ఆ వేడికే కలుపు గింజలు చస్తాయి. తెగులు సోకిన ఆలు, టమాటా, వంగ మొక్కల్ని మాత్రం కుప్పలో వేయొద్దు.

మాగిందో లేదో తెలియాలంటే గుప్పెడు తడి ఎరువు ప్లాస్టిక్ కవర్లో వేసి గట్టిగా ముడేసి మూడు రోజులు పక్కన పెట్టండి. విప్పగానే తొలకరి మట్టి వాసన వస్తే చేలోకి తోలుకోవచ్చు, ముక్కు మూసుకోవాల్సి వస్తే ఇంకా టైం పడుతుంది.

ఎకరాకు 8 నుంచి 10 టన్నులు చల్లి, ఆఖరి దుక్కిలో అదే రోజు కలియదున్నండి, ఎండలో వదిలేస్తే నత్రజని గాలిలో కలిసిపోతుంది. అంత ఎరువు లేకపోతే ఉన్నదాన్ని నాటే సాళ్లలోనే వేయండి. ఇందులోని పోషకాలు మెల్లగా అందుతాయి, మొదటి పంటకే అన్నీ రావు, కాబట్టి మట్టి పరీక్ష చూసుకుని తక్కువైంది వేరేగా ఇవ్వాలి. బూడిద, సున్నం మాత్రం వద్దు, మట్టి క్షారం వైపు తిరిగితే గజ్జికి పండగే.

కంపోస్టు వేసిన నేల గుల్లగా ఉంటుంది, తడి పట్టి ఉంచుతుంది, గడ్డ వంకర తిరగకుండా ఊరుతుంది. గడ్డ కట్టే దశలో నేల ఆరిపోకుండా చూసుకుంటే గజ్జి కూడా తగ్గుతుంది. నాటిన నెల లోపు బోదెలకు మట్టి ఎగదోయండి, ఎండ తగిలిన గడ్డ పచ్చబడి చేదెక్కుతుంది, తినడానికి పనికిరాదు. పంట చివర్లో యూరియా జోలికి పోవద్దు, ఆకు ఏపుగా పెరుగుతుంది గానీ తొక్క ముదరదు, అలాంటి గడ్డ తొందరగా కుళ్లుతుంది.

తవ్వడానికి పది పన్నెండు రోజుల ముందు నీళ్లు ఆపి, పైన మొక్కల్ని కోసేయండి. బొటనవేలితో రుద్దినా తొక్క లేవకపోతే తవ్వొచ్చు. గడ్డల్ని కడగకుండా, నీడలో గాలి తగిలేలా పది పదిహేను రోజులు ఆరబెట్టాలి, అప్పుడే చిన్న గాయాలు మానతాయి. తెగినవి, నలిగినవి ముందే ఏరేయండి. ఇంట్లో పెట్టుకునేవి చీకటిగా, చల్లగా ఉన్న చోట పరిచి, వారానికోసారి చూస్తుండండి. కన్నుల దగ్గర సన్నటి బొక్క, దాని చుట్టూ నల్లటి పొడి కనిపిస్తే లోపల పురుగు చేరినట్టే, ఆ గడ్డను అక్కడి నుంచి తీసేసి లోతుగా పాతిపెట్టండి.