ముసురు రోజుల్లో బంగాళాదుంపల్ని ఏరడం ఎలా?

శ్రీకాకుళం వైపు అక్టోబరు వస్తే తుపాను టెన్షన్ మొదలవుతుంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ ఆ నెలలోనే వచ్చాయి. కూరగాయలు దొరకవేమోనని బంగాళాదుంపలు ఎక్కువగా కొని పెట్టుకుంటే, ఆ ముసురుకే కుళ్లు పట్టుకుంటుంది. ఒక్క పాడు దుంపను వదిలేసినా పక్కవాటికి అంటిస్తుంది.

ముందు దుంపలన్నీ గోనెపట్టా మీద పరచండి. కడగొద్దు, పొడిగుడ్డతో తుడవండి. కంపు కొడుతూ నీరు కారేవాటిని మొదటే తీసేయండి. అది బాక్టీరియా పని, చాలా త్వరగా పాకుతుంది.

తర్వాత తొక్క చూడండి. మట్టి పెళ్లల్లా నల్లగా అంటుకుని, గోటితో గీరితేనే ఊడే మచ్చలుంటే అది రైజోక్టోనియా శిలీంద్రం. కండలోకి దిగదు కాబట్టి తొక్క తీసి నిక్షేపంగా వండుకోవచ్చు. విత్తనానికి మాత్రం వద్దు, మొలకను మట్టిలోనే తినేస్తుంది.

తొక్క ముడతలు పడి, గుంటలా లోపలికి పోయిందా? అక్కడే కోయండి. గోధుమరంగు బొరియ, దాని గోడలకు తెల్లటి లేదా గులాబీ బూజు కనిపిస్తే అది ఎండుకుళ్లు. దీనికి కారణం ఫ్యుజేరియం అనే శిలీంద్రం, గునపం దెబ్బో బస్తా ఒత్తిడో తగిలిన చోట లోపలికి దూరుతుంది. ఈ జాతిలో కొన్ని విషాలు తయారుచేస్తాయి. బాగున్న సగం ఉంచుకుందామనే ఆశ పెట్టుకోకండి, దుంప మొత్తం పారేయండి.

అన్నిటికన్నా మొండిది లేట్ బ్లైట్ అనే తెగులు. 1845లో ఐర్లండ్‌ను కరువులోకి నెట్టింది ఇదే. పైన ఊదా కలిసిన గోధుమ మచ్చ ఉంటుంది, పల్చగా చెక్కితే కింద తుప్పురంగు కండ బయటపడుతుంది. పొలంలో ఆకుల మీది తెగులు బీజాలు వాననీటితో మట్టిలోకి దిగి దుంపకు చేరతాయి. ఇలాంటివాటిని పెంటకుప్పలో వేయకండి, లోతుగా పాతిపెట్టండి.

మిగిలినవాటిని ప్లాస్టిక్ సంచిలో కాకుండా వెదురుబుట్టలో, వెలుతురు తగలని గాలి ఆడే చోట ఉంచండి. ముసురు తగ్గేదాకా రెండు రోజులకోసారి తిరగేయండి.

పెరట్లో నాటేవాళ్లు మచ్చలేని దుంపలే తీసుకుని, మొలక రాకముందే లీటరు నీటికి 30 గ్రాముల బోరిక్ యాసిడ్ కలిపి అరగంట ముంచి, నీడలో ఆరబెట్టండి. అలా ముంచినవి ఇక వంటకు వాడకూడదు. వేరే బుట్టలో పెట్టి, ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.