పామ్ నుంచి కొత్త ఫోనుకు మారితే: రాని పేర్లు, మారిపోయిన గంటలు

చిరునామాలు, తేదీలు, మెమోలు రాసుకునే జేబు పరికరం పామ్ పైలట్ 1996లో వచ్చింది. ఆ పేరుతో వస్తున్న పరికరాలకు 2011లో హెచ్‌పీ స్వస్తి పలికింది. ట్రియో, టంగ్‌స్టెన్, జైర్ వంటి పాత పరికరాలను సొరుగులోంచి తీసి, అందులోని సమాచారాన్ని ఐఫోన్‌లోకో ఆండ్రాయిడ్‌లోకో మార్చుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. హాట్‌సింక్ చేయడం (పామ్‌లోని సమాచారాన్ని కంప్యూటర్‌తో సరిపోల్చి ఒకటి చేయడం), కంప్యూటర్‌లోని పామ్ డెస్క్‌టాప్ ప్రోగ్రాం నుంచి ఫైలు ఎగుమతి చేయడం వచ్చిన వారికే ఇది రాస్తున్నాను.

ఏ పని మొదలుపెట్టినా ముందు ఛార్జింగ్ పెట్టండి. ట్రియో 600తో పాటు అంతకు ముందటి పరికరాల్లో బ్యాటరీ పూర్తిగా అయిపోతే సమాచారం కూడా పోతుంది. 2004లో వచ్చిన ట్రియో 650, టంగ్‌స్టెన్ టీ5లకు ఈ బెడద లేదు. తర్వాత కంప్యూటర్‌లో పామ్ ఫోల్డర్ మొత్తానికి ఒక నకలు తీసి పక్కన పెట్టండి. ఈ రెండూ చేయకుండా కింది వాటిలో దేనికీ వెళ్లవద్దు.

లక్షణం: కొత్త ఫోనులోకి ఎప్పటివో పాత వివరాలు వచ్చాయి

సహాయం అడిగేవారిలో ఎక్కువమంది ఇక్కడే ఆగిపోయి ఉంటారు. కారణం చెబితే నమ్మరు కూడా. ఎగుమతి అయ్యేది మీ చేతిలోని పామ్‌లో ఉన్న సమాచారం కాదు, కంప్యూటర్‌లో ఉన్న నకలు. చివరిసారి హాట్‌సింక్ ఎప్పుడు చేశారో ఆనాటి వివరాలే వస్తాయి. కాబట్టి ఇప్పుడే ఒకసారి హాట్‌సింక్ చేయండి. అది పూర్తయిందని తెరమీద కనబడితే చాలనుకోకుండా హాట్‌సింక్ లాగ్ తెరిచి చూడండి. చిరునామాలు, తేదీలు, మెమోలు, పనుల జాబితా, ఈ నాలుగింటికీ ‘ఓకే’ ఉండాలి. ఏదైనా వరుస కనబడకపోతే ఆ విభాగానికి హాట్‌సింక్‌లో ‘ఏమీ చేయవద్దు’ అన్న ఎంపిక పడి ఉంటుంది. దాన్ని మార్చండి.

ఆ తర్వాత పామ్ డెస్క్‌టాప్‌లో వాడుకరి పేరు చూడండి. ఇంట్లో ఇద్దరు పామ్ వాడి ఉంటే, లేదా పరికరం మార్చినప్పుడు కొత్త పేరు పెట్టుకుని ఉంటే, మీరు వేరే పేరు కింద ఉన్న జాబితాను పంపుతూ ఉండవచ్చు. ఇది చూడడానికి అర నిమిషం పట్టదు. ఎందుకో ఎవరూ చూడరు.

లక్షణం: కొన్ని పేర్లు అసలు రాలేదు

ప్రైవేటు అని గుర్తుపెట్టిన రికార్డులు డెస్క్‌టాప్‌లో దాచి ఉన్నాయేమో చూసి, ముందు వాటిని కనబడేలా చేయండి. ఎగుమతి పెట్టెలో ‘అన్నీ’ ఎంచుకున్నారా, ‘ఎంచుకున్నవి మాత్రమే’ అని వదిలేశారా అన్నది రెండో ప్రశ్న.

పేర్లు వచ్చి, వాటి పక్కన మీరు రాసుకున్న అదనపు వివరాలు రాకపోతే కారణం వేరు. పాత అడ్రస్ బుక్‌లో మీకు నచ్చిన పేరు పెట్టుకునే గడులు 4 ఉండేవి. కొత్త ఫోనుల్లో వాటికి నేరుగా సరిపోయే చోటు ఉండదు. ఎగుమతికి ముందే ఆ వివరాలను నోట్ గడిలోకి మార్చండి. పేర్లకు వీకార్డ్ (పేర్లు, నంబర్లు పంపుకునే ఫైలు) రూపమే వాడండి. కామాలతో విడగొట్టిన పట్టికలో ఏ గడి ఏమిటో చెప్పే తలవరుస లేకపోతే ఇంటి నంబరు ఫ్యాక్స్ గడిలో తేలుతుంది.

పేర్లలో సమాన గుర్తులు, వింత అక్షరాలు కనబడితే అది అక్షర సంకేతాల సమస్య. వింత అక్షరాలు మాత్రమే ఉంటే ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి యూటీఎఫ్-8గా (అన్ని భాషల అక్షరాలకూ పనికొచ్చే సంకేత పద్ధతి) భద్రపరిస్తే చాలావరకు సరిపోతుంది.

లక్షణం: సమావేశాల వేళలు మారిపోయాయి, పుట్టినరోజులు ఒకరోజు ముందుకు వచ్చాయి

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించిన సమస్య ఇదే. పైకి అంతా బాగా వచ్చినట్టే ఉంటుంది, నెలల తర్వాత గాని బయటపడదు. అప్పటికి పాత పామ్ ఎవరికో ఇచ్చేసి ఉంటారు.

పామ్‌లోని క్యాలెండరైన పాత డేట్‌బుక్‌కు కాలమండలం (టైమ్ జోన్) అన్న సంగతే తెలియదు. మీరు 10 గంటలు అని రాస్తే అది 10 గంటలే. ఏ దేశానికి తీసుకెళ్లినా 10 అనే చూపిస్తుంది. పుట్టినరోజుల వంటి వాటికి గంట కూడా ఉండదు, తేదీ మాత్రమే. కొత్త ఫోను అలా కాదు. ప్రతి సమయాన్నీ ‘ఎక్కడి 10 గంటలు?’ అని అడుగుతుంది. మధ్యలో ఫైలును మార్చే సాధనం ఆ ప్రశ్నకు తనకు తోచిన జవాబు రాసేస్తుంది. తప్పు పుట్టేది అక్కడే.

ఫోను సెట్టింగులు తిప్పడం మొదలుపెట్టకండి. వేళ ఎంత మారిందో, ఏ రోజుల్లో మారిందో ముందు చూడండి. కారణం అందులోనే ఉంటుంది.

గ్రీనిచ్ సమయానికీ మీ ప్రాంత సమయానికీ ఎంత తేడా ఉందో సరిగ్గా అంతే, అన్ని సమావేశాల వేళలూ మారాయా? అయితే క్యాలెండర్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి. ఒక సమావేశాన్ని వెతికి, ప్రారంభ సమయం వరుస చూడండి. అంకెల చివర జెడ్ అక్షరం ఉంటే అది గ్రీనిచ్ సమయమని అర్థం. ఇప్పుడు ఆ అంకెలను పామ్ తెరమీది సమయంతో పోల్చండి. రెండూ ఒకటే అయి చివర జెడ్ ఉందంటే, సాధనం లెక్క మార్చకుండానే గ్రీనిచ్ ముద్ర వేసింది. ప్రారంభ, ముగింపు సమయాల చివరి జెడ్ తీసేయండి. పునరావృతమయ్యే వాటికి ‘ఎప్పటివరకు’ అనే భాగంలోనూ, మినహాయించిన తేదీల్లోనూ తీసేయండి. ఫైలు తయారైన సమయాన్ని చెప్పే ముద్రను మాత్రం కదపవద్దు, అక్కడ జెడ్ ఉండాల్సిందే. అంకెలు వేరుగా ఉండి, ఆ తేడా గ్రీనిచ్ తేడాకు సరిపోతే ఫైలు సరైనదే. తప్పు దాన్ని తీసుకునే చోట ఉంది. క్యాలెండర్ ఖాతాలోనూ, ఫోనులోనూ కాలమండలం ఒకటేనా అని చూడండి. చాలామంది ఫోనులో చూసి ఖాతాలో చూడరు.

ఏడాదిలో కొన్ని నెలలే, అదీ సరిగ్గా ఒక గంట తేడా వస్తోందా? మీ ప్రాంతంలో వేసవిలో గడియారం గంట ముందుకు జరిపే పద్ధతి ఉంటే అనుమానించాల్సింది దాన్నే. మార్చిన రోజున ఉన్న తేడానే సాధనం ఏడాది పొడవునా వాడేసింది. వచ్చే వారం సమావేశాలు సరిగ్గా ఉన్నాయని సంతృప్తి పడేవారు దొరికిపోయేది ఇక్కడే. పరీక్షించేటప్పుడు జనవరిలో ఒకటి, జులైలో ఒకటి తప్పక చూడండి. ఈ తప్పుకు జెడ్ తీసేసినా లాభం లేదు, అంకెలే చెడిపోయాయి కాబట్టి. సాధనంలో ‘స్థానిక సమయం’ ఎంపిక ఉంటే దాన్ని ఎంచుకుని మళ్లీ మార్చండి. లేకపోతే వేరే సాధనం చూసుకోండి.

పుట్టినరోజులు మాత్రమే ముందు రోజుకు జరిగితే, తేదీ మాత్రమే ఉండాల్సిన చోట అర్ధరాత్రి 12 గంటలు రాశారని అర్థం. గ్రీనిచ్ అర్ధరాత్రి అంటే దానికి పడమటనున్న వారికి ముందు రోజు. తూర్పున ఉన్నవారికి అదే తప్పు మరోలా కనబడుతుంది, పుట్టినరోజు రెండు రోజుల మీదికి పాకుతుంది. ఫైలులో ఆ వరుసల్లోంచి గంటల భాగం తీసేసి, విలువ తేదీ మాత్రమేనని సూచించే గుర్తు పెట్టాలి. ముగింపు తేదీ మరుసటి రోజు ఉండాలి. అది తప్పు కాదు, ఆ రూపంలో ముగింపు రోజును లెక్కలోకి తీసుకోరు.

ఇంట్లో ఉన్నప్పుడు సరిగ్గానే ఉండి, ప్రయాణంలో మాత్రమే వేళలు మారితే ఏదీ చెడిపోలేదు. పామ్ అలవాటు పోలేదంతే. ఐఫోన్ క్యాలెండర్ సెట్టింగుల్లో ‘టైమ్ జోన్ ఓవర్‌రైడ్’ ఆన్ చేసి మీ ఊరి సమయాన్ని ఎంచుకోండి. గూగుల్ క్యాలెండర్‌లో అయితే పరికరం కాలమండలాన్ని వాడుకునే ఎంపికను ఆపండి.

ఇవన్నీ చేసే ముందు మరొక మాట. ఫైలును ఎప్పుడూ మీ అసలు క్యాలెండర్‌లోకి నేరుగా తీసుకోకండి. విడిగా కొత్త క్యాలెండర్ ఒకటి సృష్టించి అందులోకి తీసుకోండి. తప్పు పడితే ఆ ఒక్కటే తొలగించి మళ్లీ మొదలుపెట్టవచ్చు. అలా చేయనివారు వందలకొద్దీ సమావేశాలను చేత్తో ఏరుతూ కూర్చుంటారు.

మిగిలినవి

కేబుల్ పెట్టినా కంప్యూటర్ పామ్‌ను గుర్తించకపోతే, విండోస్ 64-బిట్‌దేమో చూడండి. దానికి పామ్ యూఎస్‌బీ డ్రైవరు రాలేదు. బ్లూటూత్‌తో గాని ఇన్‌ఫ్రారెడ్‌తో గాని హాట్‌సింక్ చేయండి, లేదా పాత 32-బిట్ కంప్యూటర్ వెతకండి. ఎన్ని కేబుళ్లు మార్చినా ఫలితం ఉండదు.

ముగింపు లేని పునరావృతాలు 2031తో ఆగిపోవడం అరుదుగా కనబడుతుంది. పాత డేట్‌బుక్ చూపగల చివరి సంవత్సరం అదే. కొత్త ఫోనులో ముగింపు తేదీ తీసేస్తే సరి. వీకార్డ్ ఫైలులో వందల పేర్లు ఉన్నా ఫోను మొదటిదే తీసుకుంటే, ఆ ఫైలును ఫోనుకు కాకుండా ముందు ఖాతాలోకి కంప్యూటర్ నుంచే ఎక్కించండి.