చెక్క గరిటెలకి నూనె పట్టించే ముందు ఇవి చూసుకోండి

గరిటెలైనా పప్పుగుత్తైనా ముందు పూర్తిగా ఆరాలండి, కడిగాక ఒక రాత్రంతా నిలబెట్టి ఉంచండి, లోపల తడి ఉండగా నూనె రాస్తే బూజు పట్టేస్తుంది. పప్పుగుత్తి గాట్లలో వేలు పెట్టి చూడండి, జిగురు తగిలితే మళ్లీ కడగాల్సిందే.

మన బెజవాడ ఎండలో మాత్రం పెట్టొద్దు ప్లీజ్, మే నెలలో మా అమ్మ చపాతీ పీట డాబా మీద ఒక్క మధ్యాహ్నం పెట్టామంతే, గోరు దిగేంత చీలిక వచ్చేసింది, ఇప్పటికీ బాధగానే ఉంది. ఫ్యాన్ గాలి చాలు.

నీళ్ల చుక్క వేసి చూడండి, ఇంకకుండా పైనే నిలబడితే వార్నిష్ వేసి ఉండొచ్చు, దానికి నూనె పట్టదు.

వేరుశెనగ, సన్‌ఫ్లవర్ నూనెలు వద్దు, కొన్నాళ్లకి కంపు కొడతాయి. ఫుడ్ గ్రేడ్ మినరల్ ఆయిల్ (తిండికి తగిలినా ఫర్వాలేని, వాసన లేని శుద్ధి చేసిన నూనె) బెస్ట్.

ఆవకాయ గరిటెకి నూనె రాసే గుడ్డ వేరుగా పెట్టుకోండి.