పాత యుద్ధకాలపు ఉత్తరాల్లో 'టామీ' తగిలితే

'టామీ' అని రాసి వదిలేస్తే మన పాఠకుడికి ముందు గుర్తొచ్చేది కుక్క. అందుకే అనువాదంలో ఆ మాట మొదట వచ్చిన చోటే 'బ్రిటిష్ సిపాయి టామీ' అని కలిపి రాయండి. తర్వాత ఒట్టి టామీ చాలు.

ముందు మాట పుట్టుక తెలియాలి. పూర్తి పేరు థామస్ అట్కిన్స్. సిపాయిల ఖాతా పుస్తకం ఎలా నింపాలో చూపడానికి 1815లో బ్రిటిష్ యుద్ధశాఖ వాడిన నమూనా పేరది. మన దగ్గర లెక్కల్లో రాముడు, సోముడు వచ్చినట్టు. నమూనాలో అతనికి సంతకం కూడా రాదు, పేరు పక్కన ఇంటు గుర్తు పెడతాడు. మన పాత దస్తావేజుల్లో నిశానీ అన్నమాట. ఆ ఒక్క గుర్తులో అప్పటి మామూలు సిపాయి బతుకు కనిపిస్తుంది. బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ యుద్ధభూమిలో చూసిన ఓ సిపాయి పేరే ఇదన్న కథ బాగా ప్రచారంలో ఉంది. దాన్ని వాడితే 'అంటారు' అని చేర్చండి, చరిత్రగా రాయకండి.

తర్వాత మూడు సంగతులు సరిచూడాలి. మొదటిది హోదా. టామీ మామూలు సిపాయి. ఆఫీసర్‌కి ఆ పేరు పెడితే తప్పు. నావికుడైతే జాక్, ఆస్ట్రేలియావాడైతే డిగ్గర్. రెండోది కాలం. మొదటి ప్రపంచయుద్ధపు కందకాల్లో జర్మన్లు కూడా అవతలివాళ్లను టామీ అనే పిలిచేవారు. ఈ కాలపు బ్రిటిష్ సిపాయిని స్క్వాడీ అంటారు. మూడోది పక్కమాట. టామీ గన్ అనే తుపాకీకి ఇతనితో సంబంధం లేదు, అది దాన్ని రూపొందించిన అమెరికన్ థాంప్సన్ పేరుమీద వచ్చింది.

టామీ ఉన్నచోట 'బ్లైటీ' కూడా వస్తుంది, అంటే అతని సొంత దేశం ఇంగ్లండు. అది మన విలాయతీయే, సిపాయిల నోట్లో నలిగి అలా మారింది. 'సీమ' అని పెట్టాలనిపిస్తుంది, సీమసరుకు అంటాం కదా. కానీ నేటి పాఠకుడు రాయలసీమ అనుకుంటాడు. 'ఇంగ్లండు' అనో 'మా దేశం' అనో రాయండి. 'బ్లైటీ గాయం' అంటే ప్రాణం తీయనిది, కానీ ఇంటికి పంపేంత పెద్దది. దాన్ని 'ఇంటికి పంపే గాయం' అనండి. అది తగిలినందుకు సిపాయి సంతోషించాడని ఉత్తరంలో ఉంటే తప్పుగా చదివామేమోనని దిద్దకండి, అతను రాసిందదే.